అసలు కోటూ, దాని పుట్టుపూర్వోత్తరాలూ

1

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో పత్తీ మిరపా వేసే రైతుకు “ఇది అసలుదా, నకిలీదా?” అన్నది కాలక్షేపపు ప్రశ్న కాదు. నకిలీ విత్తనాల పొట్లం మీద పేరూ బొమ్మా అచ్చం అసలువాటి లాగే ఉంటాయి. గింజ మొలుస్తుంది, మొక్క ఏపుగా పెరుగుతుంది, కాపు మాత్రం రాదు. రైతు పోయి మొరపెట్టుకుంటే మొట్టమొదట అడిగేది బిల్లు ఉందా, లాటు నంబరు ఎంత అని. అప్పు పెట్టిన వర్తకుడి దగ్గరే విత్తనమూ పురుగుమందూ తెచ్చుకునే కౌలురైతు చేతిలో చాలాసార్లు బిల్లు ఉండదు. అంటే వస్తువు అసలుతనం ఒక సంగతి. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది మరొక సంగతి. మొదటిది పొలం చెబుతుంది. రెండోది కాగితం చెప్పాలి. ఈ రెండోదానికి మన భాషలో చక్కని మాట ఉంది: పుట్టుపూర్వోత్తరాలు.

సరిగ్గా ఈ రెండు ప్రశ్నలనే ఆధారం చేసుకుని ప్రపంచంలో మరొక వర్తకం సాగుతున్నది. అది రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సైనిక దుస్తుల వర్తకం. ఐరోపాలో, అమెరికాలో వేలంపాటల్లో ఈ కోట్లూ టోపీలూ పతకాలూ పెద్ద ధరలకు పోతున్నాయి. వీటిని కొనేవాళ్లంతా ఫాసిస్టులని నేననను. వాళ్లలో చరిత్ర మీద నిజమైన ఆసక్తి ఉన్నవాళ్లూ ఉన్నారు, పెట్టుబడిగా చూసేవాళ్లూ ఉన్నారు, ఆ గుర్తుల మీద మోజు ఉన్నవాళ్లూ ఉన్నారు. నా ప్రశ్న వాళ్ల గుణగణాలను గురించి కాదు. ఒక వస్తువు “అసలుదే” అని తీర్పు చెప్పేటప్పుడు ఈ మార్కెట్టు ఏ ప్రశ్నలు అడుగుతుంది, ఏ ప్రశ్నలు అడగకుండా వదిలేస్తుంది అన్నదే నా ప్రశ్న.

ఎక్కడో జర్మన్ కోటుతో మనకేం పని అని పాఠకులు అడగవచ్చు. మూడు కారణాలున్నాయి. ఆ కోట్లలో కొన్నింటిని మన భారతీయులే తొడిగారు. ఆ కోటు తొడిగిన సైన్యాలకు వ్యతిరేకంగానే మన అభ్యుదయ రచయితల ఉద్యమం గుంటూరు జిల్లాలో పుట్టింది. అదీగాక, కోటు విషయంలో మార్కెట్టు వేసే ఎత్తులన్నీ మన చందవరం శిల్పం మీదా, మన అమరావతి శిల్పాల మీదా కూడా వేసినవే.

2

ముందుగా సేకర్తల విద్యకు న్యాయం చేయాలి. అది తేలిక విద్య కాదు.

జర్మన్ సైన్యపు కోటును చేతికిస్తే, తెలిసినవాడు ముందు కాలరు చూస్తాడు. 1936 నమూనా కోటుకు ముదురాకుపచ్చ కాలరు ఉండేది. 1940 నుంచి కాలరు కూడా కోటు రంగులోనే వచ్చింది. 1943 నమూనాలో జేబుల మడతలు తీసేశారు. 1944 నమూనా నడుం దాకా వచ్చే పొట్టి కోటు. తర్వాత అస్తరు మీది ముద్రలు చూస్తాడు: కొలతల అంకెలు, ఏ డిపో నుంచి వచ్చిందో చెప్పే అక్షరం, సంవత్సరం, కుట్టించిన కంపెనీ పేరు. యుద్ధం ముదిరాక కంపెనీ పేరు పోయి, దాని స్థానంలో ఆర్.బి. నంబరనే అంకెల వరస వచ్చింది. ఆ పైన బట్ట చూస్తాడు. మొదట్లో మంచి ఉన్ని. పోనుపోను అందులో కలప గుజ్జు నుంచి తీసిన కృత్రిమ నూలు ఎక్కువైంది.

ఇది పత్తి పండే ప్రాంతం వాళ్లకు చప్పున బోధపడే సంగతి. జర్మనీలో పత్తి పండదు. సముద్రమార్గాలు మూసుకుపోతే దూదికి దిక్కులేదు. అందుకే 1936 నాటి నాలుగేళ్ల ప్రణాళికతోనే హిట్లర్ ప్రభుత్వం కలప నుంచి నూలు తీసే పరిశ్రమను ముమ్మరం చేసింది. కాబట్టి బట్ట పలచబడటం, జేబు మడతలు పోవడం, కోటు పొట్టిదవడం అన్నీ ఒక ఆర్థిక చరిత్ర. యుద్ధం ఎటు నడుస్తున్నదో ఆ కోటే చెబుతుంది.

ఇక నకిలీని పట్టేందుకు చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేసి చూస్తారు. బట్టకూ దారానికీ తెల్లదనం పెంచే రసాయనాలు విరివిగా వాడుకలోకి వచ్చింది యుద్ధం తర్వాతే గనుక, కొత్త దారం ఆ వెలుగులో మెరుస్తుంది. దారపు పోగును కాల్చి చూస్తారు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, పాలియెస్టర్ అయితే కరిగి గుండు కడుతుంది. చిహ్నం కుట్టిన చోట దాని కింద బట్ట రంగు వెలవకుండా ఉన్నదా, లేక నిన్న మొన్న తెచ్చి కుట్టారా అని చూస్తారు.

ఇదంతా శాస్త్రీయ దృష్టే. వస్తువును వస్తువుగా పరీక్షించడం భౌతికవాదికి ఇష్టమైన పనే. అయితే ఈ పరీక్ష కోటు బట్ట దగ్గరే ఆగిపోతుంది. ఆ బట్ట వెనక ఉన్న మనిషి దాకా రాదు.

3

బట్ట పరీక్ష తర్వాత కాగితం పరీక్ష. ఈ వర్తకంలో అసలు మోసం ఇక్కడే జరుగుతుంది.

1983 ఏప్రిల్లో పశ్చిమ జర్మనీ వారపత్రిక ‘స్టెర్న్’, హిట్లర్ స్వహస్తాలతో రాసుకున్న డైరీలు దొరికాయని ప్రకటించింది. వాటి కోసం ఆ పత్రిక సుమారు 93 లక్షల మార్కులు చెల్లించింది. పేరుమోసిన బ్రిటిష్ చరిత్రకారుడు హ్యూ ట్రెవర్‌రోపర్ మొదట్లో అవి అసలువేనన్నాడు. రెండు వారాలు తిరక్కుండానే జర్మన్ ప్రభుత్వ పురాలేఖాగారం అవి పచ్చి నకిలీలని తేల్చింది. కాగితంలో యుద్ధానంతర రసాయనం ఉన్నది, అతినీలలోహిత దీపం దాన్ని పట్టేసింది. వాటిని రాసిన కోన్రాడ్ కూయావ్ అంతకు ముందు నుంచే సేకర్తలకు నాజీ కాలపు వస్తువులు అమ్ముతున్నవాడు. మామూలు వస్తువుకు ఒక దొంగ ధ్రువపత్రం తగిలించి దాని ధర పెంచడంలో చేయి తిరిగినవాడు.

ఇందులో మనం గమనించవలసింది ఆ కట్టుకథ అల్లిక. 1945 ఏప్రిల్లో బెర్లిన్ నుంచి సామాన్లతో పోతున్న ఒక విమానం బోర్నర్స్‌డోర్ఫ్ అనే పల్లె దగ్గర నిజంగానే కూలిపోయింది. డైరీలు ఆ విమానంలోంచి దొరికాయని కథ. నిజమైన సంఘటనను గుంజగా పాతి, దానికి అబద్ధాన్ని కట్టేశారు. దొంగ పుట్టుపూర్వోత్తరాలు ఎప్పుడూ ఇలాగే పుడతాయి. నూటికి నూరుపాళ్లు అబద్ధమైతే ఎవరూ నమ్మరు.

ఇది నకిలీ వస్తువుకు నకిలీ కాగితం. దీనికి తిరగేసిన ఉదాహరణ, అంటే అసలు వస్తువుకు నకిలీ చరిత్ర, ప్రకాశం జిల్లాలోనే ఉన్నది.

గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో 1970లలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి గొప్ప బౌద్ధ స్తూపాన్ని బయటపెట్టింది. అక్కడి శిల్పాల్లో కొన్ని ఆ తర్వాత దొంగతనంగా తరలిపోయాయి. వాటిలో బుద్ధుణ్ణి ఆరాధించేవారిని చెక్కిన సున్నపురాతి ఫలకం 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళాశాలలో తేలింది. న్యూయార్కు వర్తకశాల ఒకటి దాన్ని సుమారు 6 లక్షల డాలర్లకు అమ్మింది. ఫలకం అసలుదే, అందులో సందేహం లేదు. నకిలీ అయింది దాని చరిత్ర మాత్రమే. చందవరంలో ఉండగా తీసిన ఫోటో బయటపడేసరికి కాగితాలన్నీ తేలిపోయాయి. 2016లో ఆస్ట్రేలియా దాన్ని భారతదేశానికి తిరిగి అప్పగించింది. కోట్ల డబ్బూ ఇంతమంది నిపుణులూ ఉన్న సంస్థ చేయలేకపోయిన పని, మన ప్రభుత్వోద్యోగి ఎవరో మామూలుగా, డ్యూటీలో భాగంగా తీసిన ఒక ఫోటో చేసింది. ఈ సంగతి చరిత్ర విద్యార్థులు మరచిపోకూడదు.

4

ఇప్పుడు మూడో రకం: అసలు వస్తువు, అసలు కాగితం. అనుమానమన్నది లేదు. దీపం కింద దారం మెరవదు, ముద్రలన్నీ సరిపోయాయి, సైనికుడి పేరూ పటాలమూ తెలుసు, ఆయన మనవడి చేతి నుంచే కోటు వచ్చింది. మార్కెట్టు దృష్టిలో ఇది మేలిమి బంగారం. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఈ పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడి నుంచి మొదలయ్యాయి? తొడిగినవాడి నుంచి. కుట్టినవాళ్ల మాటేమిటి?

పోలండులో లోడ్జ్ నగరం యుద్ధానికి ముందే బట్టల మిల్లులకు ప్రసిద్ధి. 1940లో జర్మన్లు అక్కడి యూదులను లక్షా అరవై వేల మందిని ఒక మురికివాడలో పెట్టి కంచె వేశారు. పిల్లలతో సహా పనిచేయగలిగిన ప్రతి ఒక్కరినీ పనిశాలల్లో పెట్టారు. అక్కడ కుట్టిన వాటిలో ముఖ్యమైనవి జర్మన్ సైన్యపు దుస్తులు. పనిచేసేవాడికే తిండి, అదీ చాలీచాలనిది. 1944 ఆగస్టులో ఆ మురికివాడను ఖాళీ చేయించి, మిగిలినవారిలో అత్యధికులను ఆష్‌విట్జ్‌కు తరలించారు.

రావెన్స్‌బ్రూక్ స్త్రీల నిర్బంధ శిబిరం. 1939 నుంచి 1945 దాకా లక్షా ఇరవై వేలకు పైగా స్త్రీలు ఆ ద్వారం దాటి లోపలికి పోయారు. ఎస్.ఎస్. దళం సొంత కంపెనీ టెక్స్‌లెడ్ అక్కడ కుట్టుశాలలు నడిపింది. ఎస్.ఎస్. దుస్తులను ఎస్.ఎస్. ఖైదీలే కుట్టారు. రోజుకు పదకొండు, పన్నెండు గంటల పని. లెక్క తగ్గితే దెబ్బలు. కొందరు స్త్రీలు కావాలనే కుట్లు వదులుగా వేశారని బతికి బయటపడినవాళ్లు చెప్పారు. ఈ రోజు ఒక సేకర్త అటువంటి కుట్టు చూసి, “జర్మన్ పనితనం ఇంత నాసిగా ఉండదు, ఇది నకిలీ” అని పక్కన పెట్టవచ్చు. ఆ కోటులో ఉన్న ఒకే ఒక్క వీరోచిత సంగతి ఆ వదులు కుట్టే కావచ్చునని ఆయనకు తోచదు.

మెట్జింగెన్‌లో హ్యూగో బాస్ కంపెనీ సైన్యానికీ ఎస్.ఎస్. దళానికీ దుస్తులు కుట్టింది. యజమాని 1931లోనే నాజీ పార్టీలో చేరాడు. యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీలో 140 మంది బలవంతపు కూలీలు, వారిలో ఎక్కువమంది స్త్రీలు, 40 మంది ఫ్రెంచి యుద్ధఖైదీలు పనిచేశారు. కంపెనీయే డబ్బిచ్చి రాయించిన చరిత్ర 2011లో అచ్చయినప్పుడు ఈ లెక్కలు జనానికి తెలిశాయి, కంపెనీ విచారం వెలిబుచ్చింది. విచారం వెలిబుచ్చడానికి 66 సంవత్సరాలు పట్టింది!

మరొక లెక్క చూడండి. 1943 ఫిబ్రవరి 6న ఎస్.ఎస్. ఆర్థిక శాఖాధిపతి ఓస్వాల్డ్ పోల్ తన పైవాళ్లకు ఒక నివేదిక పంపాడు. లుబ్లిన్ నుంచీ ఆష్‌విట్జ్ నుంచీ తరలించిన పాత బట్టల లెక్క అది. మొత్తం 825 రైలు వాగన్లు. చంపబడిన మనుషుల చొక్కాలు, గౌన్లు, పిల్లల బట్టలు, చింకిపాతలు. చింకిపాతలు నూలు మిల్లులకు పోయేవి. అవి మళ్లీ దారమయ్యేవి. ఏ కోటులో ఎవరి చొక్కా పోగు ఉన్నదో ఏ దీపమూ చూపించదు.

నేననేది ఇది: పుట్టుపూర్వోత్తరాలంటే ఆస్తి చేతులు మారిన కథ మాత్రమే అయితే, అది యజమానుల వంశవృక్షం. శ్రమ కథ కూడా అందులో చేరినప్పుడే అది చరిత్ర. అస్తరు మీద కంపెనీ పేరు తీసేసి నంబరు వేశారు. శిబిరంలో మనిషికి పేరు తీసేసి నంబరు వేశారు. మొదటి నంబరును సేకర్తలు ఎంతో ఓర్పుగా విప్పి చదువుతున్నారు. ఆ ఓర్పు రెండో నంబరు మీద కూడా చూపమని అడగడం తప్పా?

5

ఇక మన భారతీయుల కోటు.

సుభాస్ చంద్రబోస్ 1941 ఏప్రిల్లో బెర్లిన్ చేరాడు. ఉత్తరాఫ్రికాలో జర్మన్లకు చిక్కిన భారతీయ యుద్ధఖైదీల నుంచి 1942లో ఒక దళం కట్టారు. దాదాపు మూడు వేల మంది. జర్మన్ సైన్యంలో దాని పేరు 950వ భారతీయ పదాతి రెజిమెంటు. వాళ్ల దుస్తులు జర్మన్ సైన్యపువే. కుడిచేతి మీద మూడు రంగుల డాలు, దాని మీద దూకుతున్న పులి, పైన జర్మన్ భాషలో ‘స్వతంత్ర భారతం’ అన్న మాటలు. సిక్కులకు తలపాగా. ప్రమాణం హిట్లర్‌కూ బోసుకూ కలిపి చేయించారు. ఈ పులి డాలుకు మార్కెట్టులో మంచి గిరాకీ ఉన్నది గనుక నకిలీలూ దండిగానే ఉన్నాయి.

మన తెలుగునాటికీ దీనితో బంధుత్వం ఉన్నది. జర్మనీలో బోసుకు కార్యదర్శిగా ఉన్న ఆబిద్ హసన్ హైదరాబాదు వాడు. ‘జైహింద్’ నినాదం ఆయన పెట్టినదేనని ప్రతీతి. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జర్మన్ జలాంతర్గామిలో బోసు వెంట బయలుదేరినవాడు ఆయనొక్కడే.

ఆ ఫిబ్రవరి నెలను ఒకసారి ఒకచోట చేర్చి చూడండి. 2వ తేదీన స్టాలిన్‌గ్రాడ్‌లో చివరి జర్మన్ సైనికులు లొంగిపోయారు. 6వ తేదీన పోల్ 825 వాగన్ల లెక్క రాశాడు. తర్వాత రెండు మూడు రోజులకే బోసూ హసనూ జలాంతర్గామి ఎక్కారు. 13, 14 తేదీల్లో గుంటూరు జిల్లా తెనాలిలో, తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. తెనాలిలో కూర్చున్నవాళ్లకు 825 వాగన్ల సంగతి తెలియదు. కీల్‌లో జలాంతర్గామి ఎక్కినవాళ్లకూ తెలియదు. కానీ ఫాసిజం ఏమిటో తెనాలి వాళ్లు గ్రహించారు; బ్రిటిష్ సామ్రాజ్యం ఏమిటో రెండు పక్షాలకూ తెలుసు.

బోసును ఆనాడు కమ్యూనిస్టులు తిట్టిన తిట్లు తప్పని తర్వాత వాళ్ల నాయకులే అంగీకరించారు. అది సరైన పనే. ఆ పులి డాలు తొడిగిన సిపాయి ఎవరు? రెక్కల కష్టం తప్ప మరో ఆధారం లేక బ్రిటిష్ పటాలంలో చేరి, ఎవరి కోసమో ఎడారిలో పోరాడి, ఖైదీ అయిన రైతు బిడ్డ. అతణ్ణి ఆ కోటు చూసి నాజీ అనడం అన్యాయం. కానీ ఆ కోటు కథను సగంలో ఆపేయడమూ అన్యాయమే. ఆ దళాన్ని భారతదేశం వైపు పంపలేదు. ముందు హాలెండుకు, తర్వాత ఫ్రాన్సులో అట్లాంటిక్ తీరానికి పంపి హిట్లర్ కోటగోడకు కాపలా పెట్టారు. 1944 ఆగస్టులో దాన్ని ఎస్.ఎస్. సైన్యంలో కలిపారు. స్వతంత్ర భారతం అని చేతి మీద రాసుకున్నవాడు, ఫ్రాన్సు స్వాతంత్ర్యాన్ని తొక్కిపెట్టిన సైన్యంలో నిలబడవలసి వచ్చింది. ఈ వైరుధ్యం ఆ కోటులోనే ఉన్నది. దేశభక్తితో దాన్ని కప్పేయకూడదు, ద్వేషంతో దాన్ని చింపేయకూడదు.

6

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. “సేకర్తలు లేకపోతే ఈ వస్తువులు చెదపురుగుల పాలయ్యేవి. దాచినవాణ్ణి తప్పుపట్టడమెందుకు?” ఇందులో కొంత నిజం ఉన్నది. కానీ ఈ వాదన మనకు కొత్త కాదు. అమరావతి శిల్పాల విషయంలో ఇదే మాట విన్నాం.

అమరావతి స్తూపానికి ఉన్నంత చక్కని పుట్టుపూర్వోత్తరాలు చాలా తక్కువ వస్తువులకు ఉంటాయి. కాలిన్ మెకెంజీ మొదట చూసింది 18వ శతాబ్దం చివర. ఆయన చిత్రకారులు బొమ్మలు గీసింది 1816-17లో. వాల్టర్ ఎలియట్ తవ్వించింది 1845లో. మద్రాసు మీదుగా రాళ్లు లండన్ చేరింది 1859లో. అన్నీ అసలువే. కాగితాలూ అసలువే. స్తూపం ఉండవలసిన చోట మాత్రం మట్టిదిబ్బ మిగిలింది, శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పుట్టుపూర్వోత్తరాలు తెలియడం వేరు, అవి న్యాయమైనవి కావడం వేరు. సామ్రాజ్యవాదానికి రసీదులు రాసే అలవాటు బాగా ఉన్నది.

కాబట్టి ఈ కోట్లను తగలబెట్టమని నేననను. తగలబెడితే సాక్ష్యం పోతుంది. నాజీలు తమ చివరి రోజుల్లో చేసిందీ అదే. వాటి స్థానం ధనికుడి అద్దాల బీరువా కాదు, ప్రజల మ్యూజియం అంటాను. 2019లో మ్యూనిక్ వేలంలో హిట్లర్ టోపీ వగైరాలను ఒక వ్యాపారి కొని, అవి నాజీ అభిమానుల చేతిలో పడకూడదని యూదుల సంస్థకు ఇచ్చేశాడు. మెచ్చుకోదగ్గదే. కానీ ఎవరో ఒక ధనవంతుడి మంచితనం మీద చరిత్ర ఆధారపడి ఉండటం మెచ్చుకోదగ్గది కాదు. జర్మనీలో నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను చట్టం నిషేధిస్తుంది. బోధనకూ పరిశోధనకూ మినహాయింపు ఇస్తుంది. ఆ తేడా వివేకమైనది. వస్తువు ఎక్కడ ఉన్నది, ఏ మాటల పక్కన ఉన్నది అన్నదాన్ని బట్టే దాని అర్థం మారుతుంది.

మన దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ కోట్లు లేవు, పేరు మాత్రం గాలిలో తిరుగుతున్నది. కఠినమైన అన్నయ్యను, మేష్టారును “హిట్లర్” అని ముద్దుగా అంటాం. 1997లో ఆ పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది. హిట్లర్ ఆత్మకథ మన పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కన అమ్ముడుపోతున్నది. పుట్టుపూర్వోత్తరాలు పోగొట్టుకున్న మాట, అవి పోగొట్టుకున్న వస్తువు కన్నా ప్రమాదకరం. దాన్ని పరీక్షించడానికి దీపం లేదు.

ఆ దీపం బడిలోనే వెలగాలి. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఏ వస్తువును తరగతిలో చూపినా, అది మెకెంజీ బొమ్మ కావచ్చు, సైనికుడి కోటు కావచ్చు, గుంటూరు యార్డులో మిరప టిక్కీ కావచ్చు, మూడు ప్రశ్నలు అడగడం పిల్లలకు నేర్పండి. ఇది అసలుదా? ఇక్కడికి ఎలా వచ్చింది? దీన్ని చేసింది ఎవరు, వాళ్లకు దక్కిందేమిటి? మొదటి రెండు ప్రశ్నలకు వర్తకుడు కూడా జవాబు వెతుకుతాడు, ఎందుకంటే ధర వాటి మీదే ఆధారపడి ఉంటుంది. మూడో ప్రశ్నకు జవాబు వెతికే బాధ్యత మనది.